ఒక కిలో దగ్గర సరిగ్గా తూగిన కాటా

ప్లొవ్‌దివ్, మే 30

ప్రియమైన కూమ్ ఓగ్న్యాన్,

ఆ రోజు నెవెనా ఎప్పటికంటే ముందే లేచింది. కాఫీ పెట్టింది. ముందురోజు మిగిలిన జున్ను బానిత్స ముక్కల్ని ఓవెన్‌లో వేడి చేసింది. తను తినలేదు. తల బరువుగా ఉందంది. ఇవాళ్టికి ఇంట్లో ఉండిపొమ్మన్నాను.

"కంప్యూటర్ ప్రోగ్రాం వాడకందారుల పుస్తకం ఇవాళ అప్పగించాలి. అదైనా తప్పుల్లేకుండా ఇవ్వనీ," అంది.

ఇద్దరం కలిసి మెట్లు దిగాం. వీధి తలుపు దగ్గర ఆగింది.

"ఓవెన్ కట్టేశానా?"

"కట్టేశావు. నేను చూశాను."

"నిజంగా చూశావా, నేను కట్టేశానంటే విన్నావా?"

"చూశాను నెవెనా."

కారు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. "ఒక్క నిమిషం. నవ్వొద్దు," అని పైకి వెళ్ళింది. కింది వాటాలో స్టాంక బామ్మ కిటికీలో కుండీలకు నీళ్ళు పోస్తోంది. "ఏం నాయనా, మీ ఆవిడ మళ్ళీ ఎక్కిందా? మీ ఇంట్లో పొయ్యికి కాళ్ళేమైనా మొలిచాయా, దిగినప్పుడల్లా వెళ్ళి చూసొస్తుంది!" అంది. నేను నవ్వాను.

ఎంతసేపటికీ రాలేదు. వెళ్ళి చూస్తే మూడో అంతస్తు మలుపులో, అలిసిపోయి మెట్టు మీద కూర్చున్నట్టుగా గోడకి ఆనుకుని ఉంది. తాళాలు చేతిలోనే ఉన్నాయి. అంబులెన్స్ త్వరగానే వచ్చింది. వాళ్ళు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. తలలో ఒక రక్తనాళం పుట్టుకతోనే పలచగా ఉందట. మెట్ల మీద ఉన్నా, మంచం మీద ఉన్నా అదే జరిగేదని డాక్టరు చెప్పాడు.

అందరూ వెళ్ళాక పైకి వెళ్ళి చూశాను. ఓవెన్ కట్టేసే ఉంది.

శ్మశానంలో నువ్వు అడిగినప్పుడు ఇది చెప్పలేకపోయాను. ఫోన్ ఎత్తడం లేదని కోపం తెచ్చుకోకు. మాట్లాడటం చేతకావడం లేదు. రాయడమైతే చేతనవుతోంది.

సోమవారం నుంచి పనిలోకి వెళ్తున్నాను. తూనికలు కొలతల శాఖలో నా కుర్చీ నా కోసం ఎదురు చూస్తూ కూర్చోలేదు గానీ, సంతలో కాటాలు మాత్రం ఎదురు చూస్తున్నాయి.

నలభయ్యో రోజుకి తలుపులకి అంటించే చావు కాగితం అచ్చు వేయించాలి. మా పెళ్ళిలో కూమ్‌గా, పెళ్ళిపెద్దగా నిలబడి, మా తలల మీద కిరీటాలు మార్చినవాడివి. కింద నీ పేరు వెయ్యమంటావా?

కామెన్

*

వార్నా, జూన్ 8

ఒరేయ్ కామెన్,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. తలుపు వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం మీటింగు ఉంటే తలనొప్పని చెప్పి ఎగ్గొట్టాను.

నా పేరు వెయ్యమంటావా అని అడుగుతావేంట్రా? అడగాల్సిన మాటేనా అది? నీ పేరు కింద "కూమ్ ఓగ్న్యాన్" అని వెయ్యి. మిలటరీ బ్యారక్‌లో ఒకే దుప్పటి కింద వణికినవాళ్ళం. నెవెనాని నీకు చూపించింది నేను. "కాటాలు తనిఖీ చేసేవాడట, నన్నూ తూచి చూస్తాడేమో," అని ఆవిడ అన్నది నా చెవిలోనే. ఆ సంగతి నీకిప్పటిదాకా చెప్పలేదు కదూ?

ఒక్క మాట. ఓవెన్ సంగతి రాశావు. అది చదివితే నవంబరులో అక్కడ నెవెనా, నేను కలిసి పనిచేసిన ఆఫీసులో జరిగింది నీ మనసులో ఇంకా ఉందనిపించింది. తీసెయ్యి. అది చిన్న పొరపాటు. మా పనిలో ఎవరైనా చేస్తారు. నేనైతే మర్నాటికే మర్చిపోయాను. ఆవిడే తన మీద తను మరీ కఠినంగా ఉండేది. వాడకందారుల పుస్తకాలు రాసే విభాగానికి మార్చింది కూడా శిక్షించడానికి కాదు, కాస్త ఊపిరి తీసుకుంటుందని.

ఇక్కడ సముద్రం ఇంకా చల్లగానే ఉంది. కొత్త ఆఫీసుకి నన్ను పెద్దని చేశారు గానీ, సాయంత్రం బీరు తాగడానికి ఒక్క మనిషి లేడు. ఆగస్టులో రా. ఏమీ మాట్లాడక్కర్లేదు. చేపలు వేయించుకు తిందాం.

నీ ఓగ్న్యాన్

*

ప్లొవ్‌దివ్, జూలై 4

ప్రియమైన ఓగ్న్యాన్,

నలభయ్యో రోజు గడిచింది. గోధుమలు ఉడికించి, చక్కెర, అక్రోట్లు కలిపి శ్మశానానికి పట్టుకెళ్ళాను. చక్కెర ఎక్కువైందని స్టాంక బామ్మ సమాధి దగ్గరే చెప్పింది. "పోనీలే, ఆ పిల్లకి తీపంటే ఇష్టమే," అని మళ్ళీ తనే సర్దుకుంది.

కాగితాలు మా భవనం తలుపుకి, బస్టాపు దగ్గర లిండెన్ చెట్టుకి, ఇక్కడి మీ ఆఫీసు తలుపుకి అంటించాను. నీ పేరు నా పేరు కిందే ఉంది.

మీ ఆఫీసు నుంచి ఒక్క జోర్నిత్స వచ్చింది. నెవెనా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. గోధుమలు చేతిలో పట్టుకుని తినకుండా నిలబడింది.

"కామెన్ గారూ, ఒకటి చెప్తే ఏమీ అనుకోరు కదా? నెవెనా అక్క అలా మర్చిపోయే మనిషి కాదండీ. కొలిచే ముందు ప్రతి సెట్టింగూ పైకి చదివేది. నేను రెండోసారి చదవాలి. నాకైతే విసుగొచ్చి, ఏమిటక్కా, చర్చిలో ప్రార్థనా ఇది అనేదాన్ని."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు కూడా చదివామనే అనుకుంటున్నాను. కానీ అందరి ముందూ తెర మీద అది అలా కనపడితే ఏమంటాం? నా జ్ఞాపకమే తప్పేమో అనుకున్నాను."

నెవెనా కూడా నాతో అదే మాట అంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుని, "తూచే ముందు కాటా చూసుకోలేదట నేను," అంది. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాతే తలుపు తాళం రెండుసార్లు లాగి చూడటం మొదలైంది. తర్వాత పొయ్యి. తర్వాత ఇస్త్రీ పెట్టె. చలికాలంలో ఒక రోజు, సంత మధ్యలో నా చెయ్యి పట్టుకుని, "నా బుర్రలో ఏదో వదులైపోతోంది కామెన్, నువ్వు భయపడతావని చెప్పలేదు," అంది.

నాకు ఒక సహాయం చెయ్యి. ఆమె చేసిన పొరపాటు ఏమిటో తూనికలవాడికి అర్థమయ్యేట్టు రాయి. సరిగ్గా తెలిస్తే అది ఎంత చిన్నదో నాకూ కనపడుతుంది.

ఆగస్టులో రాలేను. సెలవు పెట్టలేదు.

కామెన్

*

వార్నా, ఆగస్టు 11

ఒరేయ్ కామెన్,

ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ పర్యాటకుల గోలలో పోస్టాఫీసుకి వెళ్ళడమే యుద్ధం.

నీకు వంటింటి లెక్కన చెప్తాను. కంప్యూటర్‌లో ప్రాసెసర్ ఒక వంటిల్లనుకో. అందులో వంటవాళ్ళుంటారు, వాళ్ళని కోర్లంటాం. ఒక్కో వంటవాడికి రెండేసి మూకుళ్ళు అప్పగించొచ్చు. ఒకటి కాగేలోపు రెండోది కలుపుతాడు. అలా పెడితే ఎనిమిది మంది వంటవాళ్ళున్నా, తెర మీద పదహారు మంది ఉన్నట్టు కనపడుతుంది. మేం చేసిన ప్రోగ్రాం అంబులెన్స్ కోసం వచ్చే ప్రతి పిలుపునీ ఒక మూకుడు చేసి వీళ్ళకి పంచుతుంది. ఒకేసారి నడిచే ఆ పనుల్నే త్రెడ్లంటాం. దక్షిణాది ఊళ్ళకి అంబులెన్సులు పంపే ఆ ప్రైవేటు సంస్థ అడిగింది ఒకటే: పండగ రాత్రి రద్దీలో పదహారు పిలుపులు కలిసొస్తే తట్టుకుంటుందా?

నెవెనా కొలిచింది. తట్టుకోదని రాసింది. చివరి పిలుపు ఒకటిన్నర నిమిషం ఆగిపోయిందని లెక్క.

ఇప్పుడు ఆవిడ పొరపాటు. వంటవాళ్ళు ఎంత చురుగ్గా పని చెయ్యాలో చెప్పే సెట్టింగు ఇంకొకటుంది. కరెంటు పొదుపు చెయ్యమంటే అందరూ నిదానిస్తారు. కొలిచేముందు పొదుపు తీసెయ్యాలి. మా పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. సోమవారం అంబులెన్స్ వాళ్ళ ముందు ఆ యంత్రం సెట్టింగులు తెరిచాను. పొదుపు ఆన్‌లో ఉంది. తీసేసి అక్కడికక్కడే మళ్ళీ నడిపించాం. సెకను లోపే పదహారూ అయిపోయాయి. ఆవిడ అక్కడే తన నివేదిక వెనక్కి తీసుకుంది. హుందాగా తీసుకుంది, ఆ మాట చెప్పాలి.

ఇంతేరా. దీపం వెలిగించుకోకుండా పుస్తకం చదివి అక్షరాలు కనపడలేదన్నట్టు. అంతకన్నా పెద్దది కాదు.

ఇక దీన్ని వదిలెయ్యి. మంచిగా తిను.

నీ ఓగ్న్యాన్

*

ప్లొవ్‌దివ్, సెప్టెంబరు 15

ఓగ్న్యాన్,

నీ వంటిల్లు అర్థమైంది. బాగా చెప్పావు.

ఇక్కడ బాల్కనీలన్నిటా మిరపకాయలు కాలుస్తున్నారు. మెట్ల నిండా ఆ వాసనే. స్టాంక బామ్మ నాకొక సీసా పచ్చడి ఇచ్చి, "ఉప్పు సరిపోయిందో లేదో నీ కాటాతో చూసి చెప్పు," అంది.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒక సాయంత్రం గుర్తొస్తోంది. నవంబరు మొదట్లో, శుక్రవారం. నెవెనా ఆ రోజే కొలత పూర్తి చేసింది. నదొడ్డున మనం ముగ్గురం వెళ్ళే ఆ హోటల్లో కూర్చున్నాం. వేట దొరికినవాళ్ళ మొహంలా ఉంది తన మొహం. ఆలివ్ గింజలు బల్ల మీద పేర్చి చెప్పింది.

"ఇదిగో, ఒక్క పిలుపు వస్తే రెప్పపాటు. ఎనిమిది వచ్చినా రెప్పపాటే. ఎనిమిదింటికీ ఒక్కో మనిషి ఉన్నాడు కదా. పదహారు పెట్టు. ఇక చూడు."

"ఏమవుతుంది?"

"కొట్టుకుంటారు. రెండు మూకుళ్ళూ ఒకేసారి కలపమంటాయి, చెయ్యి ఒకటే. పైగా ఉప్పు డబ్బా ఒకటే, అందరూ దాని కోసమే నిలబడతారు. తెర మీద పదహారు మంది కనపడతారు కామెన్, వంటింట్లో ఉన్నది ఎనిమిది మందే." ఒక గింజ నా మీదికి విసిరింది. "ఓగ్న్యాన్ మొహం చూడాలి సోమవారం. వాడికి పదహారు అమ్మడమంటే భలే ఇష్టం."

అంటే వంటింటి లెక్క నీకంటే ముందు తనే నాకు చెప్పింది. నేనే మర్చిపోయాను.

ఇప్పుడు నా సందేహం. నేను పాతికేళ్ళుగా కాటాలు చూస్తున్నాను. స్ప్రింగు వదులైన కాటా యాభై కిలోల దగ్గరే తప్పు చూపించదు. ఒక కిలో దగ్గర కూడా తప్పే చూపిస్తుంది. పొదుపు వల్ల వంటవాళ్ళందరూ నిదానిస్తే, ఒక్క మూకుడు కూడా నిదానంగానే ఉడకాలి కదా? కానీ ఒక్క పిలుపు రెప్పపాటులో అయింది. ఎనిమిదీ రెప్పపాటులో అయ్యాయి. ఒక కిలో దగ్గర ఆమె కాటా సరిగ్గానే తూగింది.

అలాగైతే ఆమె కొలిచిన రోజు పొదుపు ఆన్‌లో లేదు.

నాకు తెలియక అడుగుతున్నాను. ఎక్కడ తప్పాను?

కామెన్

*

వార్నా, అక్టోబరు 2

కామెన్,

నువ్వు టమాటాల కాటాలు చూసేవాడివి. ప్రాసెసర్ టమాటా కాదు. అది ఒక్క పని మీద ఒకలా, పది పనుల మీద ఒకలా వేగం మార్చుకుంటుంది. వేడెక్కితే తగ్గుతుంది. చల్లబడితే పెరుగుతుంది. మా కుర్రాళ్ళకి ఇవి చెప్పడానికే నాకు ఏడాది పడుతుంది. నీకు ఉత్తరంలో చెప్పలేను.

ఆ జోర్నిత్స నీ చెవిలో ఏమైనా ఊదుతోందా? పదోన్నతి రాలేదని ఆ పిల్లకి నా మీద కడుపు మంట ఉంది. జాగ్రత్త.

మనిషి పోయింది. నాకూ పోయింది, నీ ఒక్కడికే కాదు. నిన్ను నిద్రపోనివ్వనిది దుఃఖం. దానికి లెక్కలు వేసి ఒక దొంగని వెతకాలని చూస్తున్నావు. అలా చేస్తే ఆవిడ తిరిగి రాదు. పూజారి దగ్గరికి వెళ్ళు, లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇలాంటివి మాత్రం నాకు రాయకు.

ఓగ్న్యాన్

*

ప్లొవ్‌దివ్, అక్టోబరు 24

ఓగ్న్యాన్,

వేడి, చలి సంగతి నువ్వు రాశావు కాబట్టి జోర్నిత్సని అడిగాను. ఆమె నా చెవిలో ఊదలేదు. నేనే వెళ్ళి అడిగాను.

అంబులెన్స్ సంస్థ కొన్నటువంటి యంత్రమే ఒకటి ఇంకా మీ పరీక్ష గదిలో మూల పడి ఉందట. దాని మీద జోర్నిత్స, నెవెనా చేసిన పరీక్షని రెండు రకాలుగా నడిపింది. పొదుపు ఆన్ చేసి నడిపితే ఒక్క పిలుపు కూడా ఈడుస్తూ వచ్చింది. పొదుపు తీసేసి నడిపితే ఒకటి రెప్పపాటు, ఎనిమిది రెప్పపాటు, పదహారు దగ్గర ఒకటిన్నర నిమిషం. నెవెనా చెప్పినట్టే.

"మరి ఆ సోమవారం సెకనులో ఎలా అయిపోయాయి?" అన్నాను.

"నాకూ అదే అర్థం కాక, ఆ రోజు వాడిన పెట్టె మూత విప్పానండీ," అంది. "లోపల ప్రాసెసర్ అది కాదు. నిజంగా పదహారు మంది వంటవాళ్ళున్నది పెట్టారు. రెండేసి మూకుళ్ళ పద్ధతి మూసేశారు. తెర మీద చూస్తే అప్పుడూ పదహారే, ఇప్పుడూ పదహారే. తేడా ఎవరికి తెలుస్తుంది?"

సంతలో కూడా ఉంటారు. పైన మా శాఖ ముద్ర అలాగే ఉంచి, తూకపు రాయి లోపల సీసం మార్చేవాళ్ళు. పట్టుకున్నప్పుడు మొదట మమ్మల్ని తిడతారు. తర్వాత మా ఆరోగ్యం గురించి అడుగుతారు.

ఒకే ప్రశ్న. ఆ గది తాళం ఇద్దరి దగ్గరే ఉండేది. నెవెనా దగ్గర, నీ దగ్గర. నెవెనా ఆ శనాదివారాలు నాతో ఉంది.

పొదుపు ఎవరు ఆన్ చేశారు?

కామెన్

*

వార్నా, నవంబరు 12

కామెన్,

నేనే.

రెండు వారాలుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఇక చింపను.

శనివారం ఆవిడ నివేదిక చదివాను. ఆవిడ సరిగ్గానే రాసిందని చదవగానే తెలిసింది. ప్రోగ్రాం మళ్ళీ విప్పి కుట్టాలి. ఆర్నెల్లు పడుతుంది. అంబులెన్స్ వాళ్ళు సోమవారం వస్తున్నారు. వాళ్ళ ఒప్పందం పోతే ప్లొవ్‌దివ్ ఆఫీసు మూసేస్తామని పైనుంచి చెప్పారు. మన వీధి పిల్లలే సగం మంది అందులో. ఆదివారం వెళ్ళి ప్రాసెసర్ మార్చాను. కానీ నివేదిక ఉంది కదా. దానికి ఒక కారణం కావాలి. పొదుపు పెట్టాను.

ఆవిడ పోట్లాడుతుందనుకున్నాను. నిన్నూ నన్నూ కలిపి కడిగేసే మనిషి కదా. నేను పెట్టలేదు అని ఒక్కసారి గట్టిగా అంటే, ఏదో ఒకటి చెప్పి మీటింగు ఆపేసి ఉండేవాణ్ణి. ప్రమాణంగా చెప్తున్నాను. ఆవిడ అనలేదు. తెర వైపు చూసింది, జోర్నిత్స వైపు చూసింది, తర్వాత నా వైపు తిరిగి, "నువ్వే చెప్తున్నావు కాబట్టి అయ్యే ఉంటుంది కూమ్," అంది. అందరి ముందూ కూమ్ అని పిలిచింది. ఆఫీసులో ఎప్పుడూ అలా పిలిచేది కాదు.

ఎండాకాలంలో సముద్రానికి వచ్చినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. ముగ్గురం తాగి, తిట్టుకుని, నవ్వుకునేవాళ్ళం అనుకున్నాను. ఎండాకాలం దాకా ఆవిడ ఉంటుందనుకున్నాను.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను. బయట పెట్టకురా. డిసెంబరు మొదటి తారీఖున అంబులెన్స్ వాళ్ళు దాన్ని వాడటం మొదలుపెడతారు. నేను పైవాళ్ళతో మెల్లగా మాట్లాడి, వసంతం నాటికి పెద్ద యంత్రాలు పెట్టిస్తాను. ఈలోపు మామూలు రోజుల్లో ఏమీ కాదు. కొత్త సంవత్సరం రాత్రి ఒక్కటే కష్టం, ఆ గండం కూడా గడుస్తుందనే నా నమ్మకం. ఆవిడ పేరు కూడా నేనే సరిచేస్తాను, సమయం చూసి.

నా మీద ఉమ్మెయ్యి. కానీ కూర్చుని మాట్లాడదాం. ఈ ఆదివారం రైలెక్కి వస్తాను. తలుపు తియ్యి చాలు.

ఓగ్న్యాన్

*

ప్లొవ్‌దివ్, నవంబరు 20

ఓగ్న్యాన్ పెట్కోవ్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఆదివారం మీరు వచ్చి తలుపు కొట్టడం విన్నాను. నేను తలుపు వెనకే నిలబడి ఉన్నాను. స్టాంక బామ్మ కింద నుంచి, "ఊళ్ళో లేడేమో నాయనా," అని అరిచింది. మీరు దిగి వెళ్ళే దాకా కదల్లేదు.

ఆమె చావుకి కారణం మీరు కాదు. డాక్టరు చెప్పింది మీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోను. కాటా ఎవరికైనా ఒకటే.

మీరు తీసుకున్నది వేరు. ఆమె తన చేతిని తను నమ్మే మనిషి. పెళ్ళికి ముందు నాతో అన్న మొదటి గొప్ప అదే: "నేను చూశానంటే చూసినట్టే." ఆ మనిషి ఆర్నెల్ల పాటు కట్టేసిన పొయ్యిని మళ్ళీ మళ్ళీ చూసుకుంది. ముసలితనం వచ్చేసిందనుకుంది. ఇంకేదో జబ్బనుకుంది. పొదుపు నేనే పెట్టానన్న ఒక్క మాట మీ దగ్గరుంది. ఆమె పుట్టినరోజుకి మార్చిలో మా ఇంటికి వచ్చారు. ఆమె కేకు కోసి, ఓవెన్ చూడటానికి రెండుసార్లు లేచింది. మీరు మొదటిసారి నవ్వారు. రెండోసారి, "ఏం వదినా, మతిమరుపా?" అన్నారు. ఆమె కూడా నవ్వింది. ఆ మాట మీ ప్లేటు పక్కనే ఉంది, మీరు చెప్పలేదు.

వసంతం దాకా ఆగమన్నారు. కొత్త సంవత్సరం రాత్రి ఒకటిన్నర నిమిషం ఎవరింట్లో గడవాలి? మీరు ఆ ఇంటిని ఎంచలేదు. నేనూ ఎంచను.

రేపటికి ఆమె పోయి ఆరు నెలలు. అర్ధ సంవత్సరపు కాగితం అచ్చు వేయించాను. అచ్చు కొట్టు ఆవిడ పాత కాగితం పక్కన పెట్టుకుని చూసింది.

"కూమ్ పేరు లేదేంటండీ? మర్చిపోయారా?"

"మర్చిపోలేదు."

"చోటుంది, వెయ్యమంటారా?"

"వద్దమ్మా."

ఆవిడ కాగితం ఇంకోసారి చదివింది. అంచులు కత్తిరించింది. నేను వెళ్తుంటే, "ఇలాంటిది ఎప్పుడూ వెయ్యలేదు నేను," అంది.

మీరు చూడటానికి రానక్కర్లేదు, ఇక్కడే రాస్తున్నాను:

"నెవెనా స్టొయిమెనొవా లేని అర్ధ సంవత్సరం. ఆమె ఏమీ మర్చిపోలేదు. ఆమె కొలత సరైనది. అంబులెన్స్ సంస్థ యంత్రాల మీద పదహారు పిలుపులు ఒకేసారి వస్తే చివరి మనిషి ఒకటిన్నర నిమిషం ఎదురు చూడాలి. ఆమె ఈ మాట రాసిన తర్వాత పరీక్ష యంత్రాన్ని మార్చారు. సందేహం ఉన్నవాళ్ళు మళ్ళీ కొలిచి చూసుకోవచ్చు. భర్త కామెన్."

జోర్నిత్స తన పేరు కూడా వెయ్యమంది. ఉద్యోగం పోతుందన్నాను. "పోనీండి," అంది. అయినా వెయ్యలేదు. ఎవరైనా కొలవమంటే కొలవడానికి ఆమె లోపల ఉండాలి.

మన ఊరి సంగతి మీకు తెలుసు. చావు కాగితాన్ని ఇక్కడ ఎవరూ చింపరు. డైరెక్టరైనా, కాపలాదారైనా, దాని ముందు టోపీ తీసి చదివి వెళ్ళాల్సిందే. దాన్ని తీసేసేది వాన ఒక్కటే. ఈ వారం వాన లేదని చెప్తున్నారు.

ఈ ఉత్తరానికి జవాబు రాయకండి.

రేపు ఉదయం కాఫీ తాగి, పొయ్యి కట్టేసి, జిగురు డబ్బా, కుంచె, రెండు కాగితాలు తీసుకుని దిగుతాను. ఒకటి అంబులెన్స్ సంస్థ తలుపుకి అంటిస్తాను. రెండోది మీ ఆఫీసు తలుపుకి, లోపలికి వెళ్ళేవాళ్ళ కళ్ళ ఎత్తులో అంటిస్తాను. పొయ్యి చూడటానికి మధ్య మెట్ల నుంచి వెనక్కి తిరగను.

కామెన్ స్టొయిమెనొవ్